పాఠం చెప్పే లాప్‌టాప్‌కు వైర్‌లెస్ ఇయర్‌బడ్స్: మూడు నెలల వాడకం తరువాత

చెన్నై మైలాపూరులో మా ఇంటి ముందు గదిలో కూర్చుని నేను ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం నేర్పుతాను. ఉదయం ఆరున్నరకు డాలస్‌లో ఉన్న ఇద్దరు పిల్లలు, సాయంత్రం ఐదు దాటాక హైదరాబాదు, విజయవాడ, సింగపూర్‌ల నుంచి మరో తొమ్మిది మంది లాప్‌టాప్ తెర మీదికి వస్తారు. శ్రుతి పెట్టె సరిచేయడానికి పక్కకు వంగినప్పుడల్లా ఇయర్‌ఫోన్స్ వైరు ఊడి వస్తూండడంతో, మూడు నెలల క్రితం ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో 1,799 రూపాయలకు ఒక జత వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ కొన్నాను. ఈ సమీక్ష వాటి గురించే అయినా కంపెనీ పేరు రాయడం లేదు. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టిన లోపం ఆ కంపెనీ ఒక్కదానిది కాదు. ఈ ధరలో దొరికే ఇయర్‌బడ్స్‌ను లాప్‌టాప్‌కు కలిపి, వాటి మైకుతోనే మాట్లాడాలనుకునే ప్రతివారికీ అది ఎదురవుతుంది.

కలపడం వరకు కష్టమేమీ లేదు. కేసు మూత తెరిచి, లోపలి బటన్‌ను లైటు మిణుకుమిణుకుమనే దాకా నొక్కి ఉంచి, విండోస్ 11 సెట్టింగ్స్‌లో ‘బ్లూటూత్ అండ్ డివైసెస్’ తెరిచి ‘యాడ్ డివైస్’ నొక్కితే అరనిమిషంలో పేరు కనిపించింది. అయితే మొదటిరోజు ఆ పేరు ఎంతకూ కనిపించక నేను పావుగంట అవస్థ పడ్డాను. అంతకుముందే వాటిని ఫోనుకు కలిపి చూశాను కాబట్టి, మూత తీయగానే అవి పక్క గదిలో ఉన్న ఫోనును వెతికి పట్టుకుంటున్నాయి. ఒకసారి ఫోనుతో కలిసిపోయాక, కొత్త పరికరాలకు తాము ఉన్నట్టు ప్రకటించుకోవడం మానేస్తాయి. ఫోనులో బ్లూటూత్ ఆపి మళ్లీ ప్రయత్నిస్తే వెంటనే కలిశాయి. రెండు పరికరాలకు ఒకేసారి కలిసి ఉండే మల్టీపాయింట్ సౌకర్యం ఈ జతలో లేదు. పాఠం మధ్యలో ఫోను మోగితే చెవిలో వినిపించకపోవడం నాకు మేలే కాబట్టి ఆ లోటును నేను లెక్కలోకి తీసుకోలేదు.

పాఠం మొదలుపెట్టకముందు, మార్గళి కచేరీల నుంచి దాచుకున్న ఒక రికార్డింగు పెట్టుకుని విన్నాను. మృదంగం తొప్పి (ఎడమ) వైపు గుమికి నాదం, వయొలిన్ కమాను మలుపు, గాయని ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా స్పష్టంగా వినిపించడంతో, ఈ ధరకు ఇంత బాగుంటుందా అని సంతోషించాను. ఐదు నిమిషాల తరువాత జూమ్‌లో డాలస్ పిల్లల పాఠం తెరిచాను. మీట నొక్కినట్టు ధ్వని మొత్తం మారిపోయింది. పిల్లల గొంతులు డబ్బాలోంచి వస్తున్నట్టు వినిపించాయి, తంబుర నాదంలోని రీంకారం పోయి వట్టి హోరు మిగిలింది. అటువైపు పిల్ల, “గురువుగారూ, మీరు పాత ల్యాండ్‌లైన్ ఫోన్లో పాడుతున్నట్టు ఉంది” అంది. ఒక్కో స్వరాన్ని రెండేసిసార్లు పాడే జంట వరుసల్లో రెండో స్వరం మీద వేయవలసిన ఒత్తు ఆ పిల్లకు చేరడం లేదని పాడించిన మొదటి వరుసకే అర్థమైంది. ఆ రోజు పాఠం ఆపి, పాత వైరు ఇయర్‌ఫోన్స్ వెతుక్కోవలసి వచ్చింది.

మరునాడు తిరుమయిలైలో రైలెక్కి చింతాద్రిపేటలో దిగి, వాటిని తిరిగి ఇచ్చేయాలనే ఉద్దేశంతో అదే దుకాణానికి వెళ్లాను. కౌంటరు దగ్గరున్న అబ్బాయిది నెల్లూరు. నేను చెప్పింది ఓపికగా విని, నా ఇయర్‌బడ్స్‌ను తన లాప్‌టాప్‌కు కలిపి పాట పెట్టి, పాట నడుస్తుండగానే వాయిస్ రికార్డర్ తెరిచాడు. పాట అక్కడికక్కడే పీలగా మారిపోయింది. రికార్డర్ మూయగానే రెండు క్షణాలలో మళ్లీ నిండుగా వచ్చింది. “మైకు తెరుచుకుంటేనే ఇలా అవుతుందమ్మా, ఇంకో జత ఇచ్చినా ఇంతే” అని చెప్పి, అమ్మిన సరుకును సమర్థించుకోవడానికి కాక నాకు విషయం బోధపడేదాకా మరో రెండు జతలు కూడా అలాగే కలిపి చూపించాడు. అమ్మకాల సందడిలో ఇరవై నిమిషాలు నాకోసం వెచ్చించిన ఆ అబ్బాయికి ఇక్కడ కృతజ్ఞత చెప్పుకోవడం నా ధర్మం.

జరుగుతున్నది ఇది. బ్లూటూత్‌లో ధ్వనిని చేరవేయడానికి రెండు వేర్వేరు పద్ధతులున్నాయి. ఒకటి ఏ2డీపీ అనేది. ఇది పాట వినడానికి పనికొచ్చే ఒంటిదారి, లాప్‌టాప్ నుంచి చెవికి మాత్రమే నడుస్తుంది, రెండు చెవులకూ విడివిడిగా ధ్వనిని పంపుతుంది, సెకనుకు 44,100 లేదా 48,000 నమూనాలు (ధ్వని కొలతలు) తీసుకుంటుంది కాబట్టి మనిషి చెవికి అందే పౌనఃపున్యాలన్నీ దాదాపుగా దక్కుతాయి. రెండోది హెచ్‌ఎఫ్‌పీ, అంటే కారులో ఫోను మాట్లాడుకోవడం వంటి పనులకోసం ఏర్పడిన హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతి. ఇది రానూ పోనూ రెండువైపులా నడుస్తుంది కానీ రెండు చెవులకూ ఒకే ధ్వనిని పంపుతుంది, పాత రకంలో సెకనుకు 8,000 నమూనాలు, మెరుగైన రకంలో 16,000 నమూనాలు మాత్రమే తీసుకుంటుంది. నమూనాల సంఖ్యలో సగం వరకే పౌనఃపున్యాలు దక్కుతాయి కాబట్టి పాత రకంలో 4,000 హెర్ట్జ్, మెరుగైన రకంలో 8,000 హెర్ట్జ్ దాటినదంతా రాలిపోతుంది. ఇయర్‌బడ్స్ మైకును ఏ యాప్ తెరిచినా లాప్‌టాప్ మొదటి దారిని వదిలి రెండో దారికి మారుతుంది.

సంగీతానికి దీనివల్ల కలిగే నష్టం ఎలాంటిదో చెప్పాలి. నా ఐదు శ్రుతిలో మధ్య షడ్జమం 196 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, తారస్థాయి పంచమం పాడినా 600 దాటదు. అంటే స్వరస్థానం ఎక్కడికీ పోదు, పిల్లలు అపస్వరం పాడితే ఈ దారిలో కూడా పట్టుకోగలం. పోయేది ఆ స్వరంతో పాటే మోగుతూ దాని మీద మేడలా నిలిచే అనుస్వరాల (ఓవర్‌టోన్ల) పై అంతస్తులు. తంబురకు తంబుర అనే గుర్తింపునిచ్చేవీ, ‘స’, ‘త’ వంటి అక్షరాలకు అంచునిచ్చేవీ, గమకంలో గొంతు ఎక్కడ బిగిసిందో ఎక్కడ వదిలిందో తెలిపేవీ అవే. ఆఫీసు సమావేశాలకు ఈ ధ్వని చాలవచ్చు. మాట అర్థమైతే వారి పని జరిగిపోతుంది. పాఠం చెప్పేవారికి చాలదు.

పరిష్కారం మాత్రం చాలా చిన్నది. ఇయర్‌బడ్స్‌ను వినడానికి మాత్రమే వాడి, మాట్లాడడానికి వేరే మైకు పెట్టుకుంటే లాప్‌టాప్ మొదటి దారిలోనే ఉండిపోతుంది. జూమ్ ఆడియో సెట్టింగ్స్‌లో స్పీకరుగా ఇయర్‌బడ్స్‌ను, మైక్రోఫోనుగా లాప్‌టాప్ సొంత మైకును ఎంచుకోగానే పిల్లల గొంతులు నిండుగా వచ్చాయి. కొన్ని యాప్‌లు మనం అడగకుండానే మళ్లీ ఇయర్‌బడ్స్ మైకును పట్టుకుంటాయి కాబట్టి నేను ఇంకో అడుగు వేశాను: ‘మోర్ డివైసెస్ అండ్ ప్రింటర్ సెట్టింగ్స్’ లోకి వెళ్లి, ఇయర్‌బడ్స్ బొమ్మ మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని సర్వీసెస్ పట్టికలో ‘హ్యాండ్స్‌ఫ్రీ టెలిఫోనీ’ ఎదుట ఉన్న టిక్కు తీసేశాను. ఇక ఆ లాప్‌టాప్‌కు ఈ ఇయర్‌బడ్స్‌లో మైకు ఉన్న సంగతే తెలియదు. ఫోనులో మాత్రం మైకు ఎప్పటిలాగే పనిచేస్తుంది. లాప్‌టాప్ మైకులో ఫ్యాను గాలి కూడా పడుతున్నందువల్ల, దుకాణం అబ్బాయి సలహా మీద 250 రూపాయల వైరు కాలర్ మైకు ఒకటి కొని చీర అంచుకు తగిలించుకుంటున్నాను. వైరు వద్దనుకుని బయలుదేరి మళ్లీ వైరు దగ్గరికే వచ్చినట్టున్నా, చెవి నుంచి ఊడివచ్చే బాధ తీరింది.

డబ్బా మీద ఈఎన్‌సీ అని పెద్దక్షరాలతో రాసిన సౌకర్యం గురించి కొనేవారికి ఒక మాట. ఏఎన్‌సీ అంటే మన చెవికి చేరే బయటి రొదను తగ్గించేది. ఈఎన్‌సీ మన మైకులో పడే రొదను ఎదుటివారికి చేరకుండా ఆపేది. రెండూ ఒకటే అనుకుని కొనేవారిని నేను ఆ దుకాణంలోనే చూశాను. సంగీతానికి ఈఎన్‌సీ ఉపకారం చేయదు సరికదా, ఆగకుండా ఒకే తీరున మోగే తంబురను ఫ్యాను చప్పుడని భ్రమించి తుడిచిపెడుతుంది. జూమ్‌లో ఉండే రొద నివారణ కూడా ఇదే పని చేస్తుంది. అందుకు అందులోనే మందు ఉంది: ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ అనే మీటను నేనూ పిల్లలూ ఇద్దరమూ వేసుకుంటే తంబుర ఇటు నుంచి అటు చెక్కుచెదరకుండా చేరుతుంది. స్పీకర్లు పెట్టుకుని ఈ మీట వేస్తే, వాటిలోంచి వచ్చిన గొంతు మళ్లీ మైకులో పడి ప్రతిధ్వని వచ్చే ప్రమాదముంది. ఇయర్‌బడ్స్ పెట్టుకున్నప్పుడు ఆ ధ్వని చెవి దాటి బయటికి రాదు కాబట్టి నిశ్చింతగా వేసుకోవచ్చు. ఈ కొనుగోలు వల్ల నాకు దక్కిన పెద్ద లాభం ఇదే.

తాళానికి మాత్రం వీటిని నమ్మలేం. బ్లూటూత్‌లో ధ్వనిని కుదించి, పంపి, విప్పి, చెవికి వినిపించేసరికి సాధారణంగా 150 నుంచి 250 మిల్లీసెకన్ల ఆలస్యమవుతుంది. నిమిషానికి 60 క్రియలు (చేతి దెబ్బలు) వేసే ఆది తాళంలో, క్రియకు నాలుగు స్వరాలు వచ్చే మూడో కాలంలో ఒక్కో స్వరానికి దక్కేది 250 మిల్లీసెకన్లే. అంటే లాప్‌టాప్‌లోని తాళం యాప్ తెర మీద చూపే దెబ్బకూ చెవిలో వినిపించే దెబ్బకూ మధ్య ఒక స్వరం జారిపోవచ్చు. సినిమా చూసేటప్పుడు ఇది తెలియకపోవడానికి కారణం, వీడియో నడిపే సాఫ్ట్‌వేర్ బొమ్మను కూడా అంతే ఆలస్యం చేసి కలపడమే. ప్రత్యక్షంగా జరిగే పనిలో ఆ సర్దుబాటు కుదరదు. తాళం అభ్యాసానికి నేను ఇప్పటికీ వైరు ఇయర్‌ఫోన్సే వాడుతున్నాను.

రెండో వారంలో ధ్వని తెగిపోవడం మొదలైంది, అదీ కొన్ని పాఠాలలోనే. పాత రికార్డింగులున్న హార్డ్ డిస్కును లాప్‌టాప్‌కు తగిలించిన రోజులలోనే ఇలా జరుగుతున్నదని గమనించడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తుంది, యూఎస్‌బీ 3.0 పరికరాలు, వాటి కేబుళ్లు సరిగ్గా ఆ ప్రాంతంలోనే రేడియో రొదను వెదజల్లుతాయని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. డిస్కును పాఠం వేళ తీసేసి, ఇంటి వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాక తెగడం ఆగింది.

మిగిలిన సంగతులకు ఎక్కువ మాటలు అక్కరలేదు. గంటన్నర పాఠాలు మూడు వరుసగా చెప్పినా చార్జింగు సరిపోతోంది. చెన్నై చెమటకు రబ్బరు మొనలు జారుతుంటే, డబ్బాలో ఇచ్చిన చిన్న సైజువి మార్చుకున్నాను. కేసు మూత కీలు అప్పుడే కొంచెం వదులైంది; ఈ ధరకు అంతకంటే గట్టిది ఇవ్వవలసిందని నా అభిప్రాయం.

ఇయర్‌బడ్స్ మైకుతోనే నిండైన ధ్వని కావాలనుకునేవారు ఎల్ఈ ఆడియో ఉన్నవాటిని అడగాలి. ఎల్‌సీ3 అనే కొత్త కోడెక్‌తో (ధ్వనిని కుదించి విప్పే విధానంతో) వచ్చిన ఈ బ్లూటూత్ పద్ధతి నిర్దేశాలు 2022లో పూర్తయ్యాయి. విండోస్ 11 దీనిని అంగీకరిస్తుంది, కానీ లాప్‌టాప్‌లోని బ్లూటూత్ చిప్‌కూ దాని డ్రైవరుకూ, ఇయర్‌బడ్స్‌కూ కూడా ఆ శక్తి ఉండాలి. డబ్బా మీద బ్లూటూత్ 5.3 అని ఉన్నంత మాత్రాన ఎల్ఈ ఆడియో ఉన్నట్టు కాదు. నా జత మీద 5.3 అనే ఉంది, అందులో అది లేదు. కాబట్టి కౌంటరు దగ్గర ఆ పేరునే అడిగి, వీలైతే మీ లాప్‌టాప్‌ను సంచిలో తీసుకువెళ్లి, పాట పెట్టి, వాయిస్ రికార్డర్ తెరిచి, ఆ రెండు క్షణాలు చెవిపెట్టి విన్న తరువాతనే డబ్బు ఇవ్వండి.