లింక్డిన్ ఉచిత ఖాతా, ప్రీమియం: లేఆఫ్‌ల కాలంలో ఏది ఎంతవరకు పనికొస్తుంది

లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజు సాయంత్రమే లింక్డిన్ ప్రీమియం (డబ్బు కట్టి తీసుకునే ప్లాన్) కొనేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ డబ్బు వల్ల ఆ వారంలో ఒరిగేది చాలా తక్కువ. ఉద్యోగం ఉన్న రోజుల్లో ఖాతాలో ఏం పెట్టారు, ఎవరిని కలుపుకున్నారు అన్నదాని మీదే ఈ సర్వీసు విలువంతా ఉంటుంది. కాబట్టి తీర్పు ముందే చెప్పేస్తున్నాం. ఉచిత ఖాతా ఐటీలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఉండాల్సిందే. ప్రీమియం ఒకటి రెండు నెలలకు మించి అక్కర్లేదు, అదీ అవసరం పడ్డప్పుడే. హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగం వెతికేవాళ్లు మాత్రం లింక్డిన్ ఉంది కదా అని ‘నౌకరీ’ అనే ఉద్యోగాల సైట్‌ను పక్కన పెట్టకూడదు.

2022 నవంబరులో మెటా 11,000 మందిని తీసేసింది. 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తగ్గిస్తున్నట్టు చెప్పాయి. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12,000 మందికి పైగా, తగ్గిస్తామని ప్రకటించింది. ఇలాంటి ప్రకటన వచ్చినప్పుడు ఒకే ఊళ్లో, ఒకే స్కిల్ ఉన్న వందలమంది ఒకే వారంలో ఉద్యోగాల వేటకు దిగుతారు. ఆ గుంపులో రెజ్యూమె ఒక్కటే పట్టుకుని నిలబడటం కష్టం. పని తెలిసినవాడని చెప్పే మనిషి అవతలి కంపెనీలో ఒక్కరున్నా పరిస్థితి మారిపోతుంది. ఆ మనిషిని గుర్తుపెట్టుకుని అవసరానికి దొరికేలా చేయడమే లింక్డిన్ అసలు ఉపయోగం.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది లాగిన్. ఆఫీసు మెయిల్‌తో ఖాతా తెరిచినవాళ్లు ఇప్పటికీ ఎక్కువే. లేఆఫ్ అయిన గంటలోనే ఆ మెయిల్ మూసేస్తారు. పాస్‌వర్డ్ మర్చిపోయినా, కొత్త ఫోన్‌లో లాగిన్ అయినా కోడ్ ఆ మూసేసిన మెయిల్‌కే పోతుంది. సెట్టింగ్స్‌లో సొంత జీమెయిల్ చేర్చి, దాన్నే ప్రైమరీగా పెట్టి, సొంత సిమ్ నంబరు జోడించాలి. ఐదు నిమిషాల పని. కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్ వాడేవాళ్లు అక్కడా ఇదే చూసుకోవాలి. కమిట్ (సేవ్ చేసిన కోడ్ మార్పు) ఏ మెయిల్‌తో జరిగిందో ఆ మెయిల్ ఖాతాకు జోడించి ఉంటేనే అది మీ లెక్కలోకి వస్తుంది.

తర్వాత హెడ్‌లైన్. 220 అక్షరాల చోటు ఉంటే చాలామంది ‘సీనియర్ కన్సల్టెంట్ ఎట్ ఫలానా కంపెనీ’ అని వదిలేస్తారు. అది లింక్డిన్ తనంతట తాను నింపిన మాట. రిక్రూటర్ ‘సీనియర్ కన్సల్టెంట్’ అని టైప్ చేసి వెతకడు. ‘సెలీనియం’, ‘జావా’, ‘ఏపీఐ టెస్టింగ్’, ‘పేమెంట్స్’ అని వెతుకుతాడు. అందుకే ఇలా ఉండాలి: ‘క్యూఏ ఆటొమేషన్ ఇంజనీర్, 8 ఏళ్లు | సెలీనియం, జావా, ఏపీఐ టెస్టింగ్ | బ్యాంకింగ్, కార్డ్ పేమెంట్స్ | హైదరాబాద్’. కంపెనీ పేరు ఎలాగూ కింద కనిపిస్తుంది. లొకేషన్‌లో ఒట్టి ‘ఇండియా’ అని ఉంటే ఊరి పేరుతో వెతికినప్పుడు వెనకపడతారు. ఊరి పేరు పెట్టాలి.

‘అబౌట్’కు 2,600 అక్షరాలు ఇస్తారు కానీ నొక్కకుండా కనిపించేవి మొదటి రెండు మూడు లైన్లే. ‘కష్టపడే తత్వం, టీమ్ ప్లేయర్’ లాంటి మాటలతో ఆ లైన్లు పాడుచేసుకోవద్దు. ఏ సిస్టమ్ మీద పనిచేశారు, రోజుకు ఎన్ని లావాదేవీలు నడిచేవి, రిగ్రెషన్ (పాత ఫీచర్లను మళ్లీ పరీక్షించడం) ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటలకు తగ్గింది, ఇవి రాయాలి. క్లయింట్ పేరు, ఆఫీసు కోడ్, స్క్రీన్‌షాట్ పెట్టకూడదు. సంతకం చేసిన రహస్య ఒప్పందం ఉద్యోగం పోయాక కూడా వర్తిస్తూనే ఉంటుంది.

అనుభవం తేదీల దగ్గర చిన్న పొరపాటు పెద్ద నష్టం తెస్తుంది. లింక్డిన్‌లో ఒక నెల, రెజ్యూమెలో ఒక నెల, రిలీవింగ్ లెటర్‌లో మరో నెల ఉంటే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అక్కడే ఆగిపోతుంది. ఈపీఎఫ్ పోర్టల్‌లో యూఏఎన్‌తో (మీ పీఎఫ్ నంబరుతో) లాగిన్ అయి సర్వీస్ హిస్టరీ తెరిస్తే ప్రతి కంపెనీలో చేరిన తేదీ, వదిలిన తేదీ ఉంటాయి. వాటితో సరిచూసుకోవాలి. పాత కంపెనీ వదిలిన తేదీ నమోదు చేయకపోతే రెండు చోట్ల ఒకేసారి పనిచేసినట్టు కనిపిస్తుంది, దాన్ని ముందే సరిచేయించుకోవాలి. కన్సల్టెన్సీ ఇచ్చే ఫేక్ ఎక్స్‌పీరియన్స్ జోలికి అస్సలు పోవద్దు. ఆ పేపర్ల వెనక పీఎఫ్ ఉండదు. ఆఫర్ చేతికొచ్చి జాయిన్ అయ్యాక కూడా తీసేస్తారు. ఆ మచ్చ లేఆఫ్ కంటే ఎక్కువ కాలం వెంటాడుతుంది.

ఈ మార్పులన్నీ చేసేముందు ‘షేర్ ప్రొఫైల్ అప్‌డేట్స్’ ఆపేయడం మరవొద్దు. లేకపోతే కొన్ని మార్పులు మీ మేనేజర్ ఫీడ్‌లోకి వెళ్తాయి.

ఇక ‘ఓపెన్ టు వర్క్’. ఇందులో రెండు రకాలు. ఒకటి అందరికీ కనిపించే ఆకుపచ్చ ఫ్రేమ్. రెండోది రిక్రూటర్లకు మాత్రమే కనిపించేది. ఉద్యోగంలో ఉండి వెతుకుతున్నవాళ్లకు రెండోదే సరైనది. అదీ నూటికి నూరుపాళ్లు గోప్యం కాదు. మీ కంపెనీ రిక్రూటర్లకు చూపించకుండా ప్రయత్నిస్తామని లింక్డిన్ అంటుందే తప్ప పూర్తి హామీ ఇవ్వదు. కంపెనీ తరఫున పనిచేసే బయటి ఏజెన్సీ మనిషి కంట పడొచ్చు. లేఆఫ్ అయినవాళ్లు ఆకుపచ్చ ఫ్రేమ్ పెట్టుకోవడంలో తప్పేమీ లేదు, సిగ్గుపడాల్సిన పని అంతకన్నా లేదు. జాబ్ టైటిళ్లు ఐదు దాకా ఇవ్వొచ్చు. ఐదూ ఒకే తరహావి ఇవ్వండి. టెస్టర్, డెవాప్స్, స్క్రమ్ మాస్టర్ కలిపి పెడితే దేనికీ నప్పరు.

లింక్డిన్‌లో బలమైన భాగం పరిచయాలు. కొద్దిపాటి పరిచయాల వల్లే ఎక్కువగా ఉద్యోగాల కబుర్లు తెలుస్తాయని 1973లోనే సోషియాలజిస్ట్ మార్క్ గ్రానొవెటర్ రాశారు. 2022లో 2 కోట్ల మంది లింక్డిన్ వాడకందారుల మీద జరిపిన ప్రయోగాల ఫలితాలు వచ్చాయి. మరీ దగ్గరివాళ్లకంటే, ఒక మోస్తరు పరిచయస్తుల వల్లే ఉద్యోగం మారడం ఎక్కువని అందులో తేలింది. కారణం సులువుగానే అర్థమవుతుంది. రోజూ కలిసి భోంచేసేవాళ్లకు మీకు తెలిసిన ఖాళీలే తెలుస్తాయి. మూడేళ్ల కిందట పక్క టీమ్‌లో పనిచేసి వేరే కంపెనీకి పోయినవాళ్లకు వేరే ఖాళీలు తెలుస్తాయి. ఇంజనీరింగ్ బ్యాచ్‌మేట్లు, పాత ప్రాజెక్టు లీడ్లు, క్లయింట్ వైపు మనుషులు, శిక్షణ ఇచ్చినవాళ్లు, ముందు వీళ్లను కలుపుకోవాలి. ఊరూ పేరూ తెలియని రిక్రూటర్లకు రోజుకు యాభై రిక్వెస్టులు పంపితే వారానికి సుమారు వంద దగ్గర లింక్డిన్ ఆపేస్తుంది.

రిక్వెస్ట్‌తో పాటు నోట్ రాస్తే 200 అక్షరాల్లోపు ముగించండి. ఉచిత ఖాతాకు ఇలాంటి నోట్లు నెలకు కొన్నే ఇస్తారు, కాబట్టి అవసరమైన చోటే వాడాలి. ‘హాయ్, ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి’ అన్న మెసేజ్‌కు జవాబు రాదు. మనసు లేక కాదు, అవతలివాళ్లు ఏం చేయాలో అందులో లేదు. ఇలా రాస్తే వస్తుంది: ‘నమస్తే అండి. 2019లో కార్డ్స్ ప్రాజెక్టులో మీ టీమ్‌కు టెస్టింగ్ ఇచ్చింది మేమే. మీ కంపెనీలో క్యూఏ లీడ్ పోస్టు చూశాను. రిఫర్ చేయడానికి వీలవుతుందా?’ సరే అన్నాక జాబ్ ఐడీ, పీడీఎఫ్ రెజ్యూమె, ఆ పోస్టుకు ఎందుకు సరిపోతారో మూడు లైన్లు, మెయిల్, ఫోన్ నంబరు అన్నీ ఒకే మెసేజ్‌లో పంపాలి. వాళ్లు పోర్టల్‌లో కాపీ పేస్ట్ చేస్తే పని అయిపోవాలి.

ఇక్కడ చాలామంది చేసే తప్పొకటి ఉంది. ముందు కంపెనీ సైట్‌లో తామే అప్లై చేసి, తర్వాత రిఫరల్ (లోపలి ఉద్యోగి ద్వారా సిఫార్సు) అడుగుతారు. చాలా కంపెనీల్లో ఆ అభ్యర్థి అప్పటికే సిస్టమ్‌లో ఉన్నాడని రిఫరల్ ఎక్కదు. ముందు రిఫరల్ అడగండి, రెండు రోజులు చూసి జవాబు రాకపోతే అప్పుడు అప్లై చేయండి.

ప్రొఫైల్‌లో మీ పని గురించి ఇతరులు రాసే రికమెండేషన్లు కూడా అంతే, టైమ్ చూసి అడగాలి. ప్రాజెక్టు బాగా ముగిసిన వారంలో మేనేజర్ గారిని అడిగితే సంతోషంగా రాస్తారు. లేఆఫ్ అయ్యాక అడిగితే ఆయనకూ ఇబ్బంది, హెచ్‌ఆర్ ఏమంటుందోనని సందేహం.

జాబ్ సెర్చ్ విషయంలో లింక్డిన్‌కు సగం మార్కులే. ‘రీపోస్టెడ్’ అని ఉన్న పాత ప్రకటనలు పదేపదే పైకి వస్తాయి, కంపెనీలు డబ్బు కట్టి వేయించే ‘ప్రమోటెడ్’వి ఫిల్టర్‌ను దాటి మధ్యలో దూరతాయి. లింక్డిన్‌లోనే దరఖాస్తు చేసే ఈజీ అప్లై తేలికే, అందరికీ తేలికే, అందుకే రెండు రోజుల్లో వందల దరఖాస్తులు పడతాయి. కంప్యూటర్‌లో వెతికేటప్పుడు ‘గత 24 గంటలు’ ఫిల్టర్ పెడితే అడ్రస్ బార్‌లో 86400 అనే అంకె కనిపిస్తుంది. అవి 24 గంటల్లోని సెకన్లు. దాన్ని 3600 చేసి ఎంటర్ నొక్కితే గత గంటలో పడ్డవి మాత్రమే వస్తాయి. ఉదయం పదిన్నరకు ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి ఇలా చూస్తే చాలు. రోజంతా ఫీడ్ తిప్పుతూ కూర్చుంటే దిగులు పెరుగుతుంది, దరఖాస్తులు పెరగవు.

రెజ్యూమె పంపేముందు ఒక పరీక్ష చేయండి. పీడీఎఫ్ తెరిచి మొత్తం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. రెండు కాలమ్‌ల డిజైన్ అయితే ఎడమవైపు స్కిల్స్ కుడివైపు కంపెనీ పేర్లతో కలిసిపోయి వస్తాయి. ఫోన్ నంబరు బొమ్మలో ఉంటే అసలు రాదు. కంపెనీల సాఫ్ట్‌వేర్ కూడా ఇంచుమించు ఇలాగే చదువుతుంది. ఒకే కాలమ్, మామూలు ఫాంట్, బొమ్మలు లేకుండా ఉంటే చాలు.

సర్వీస్ కంపెనీలు, మూడు నుంచి పదేళ్ల అనుభవం ఉన్న పోస్టుల విషయంలో నౌకరీ నుంచే ఎక్కువ కాల్స్ వస్తాయి. 1997 నుంచి నడుస్తున్న సైట్ అది, రిక్రూటర్లు అక్కడి రెజ్యూమె డేటాబేస్‌లోనే వెతకడానికి అలవాటుపడ్డారు. వాళ్లు మొదట పెట్టే ఫిల్టర్లలో నోటీస్ పీరియడ్ ఒకటి. నోటీస్‌లో ఉంటే ‘సర్వింగ్ నోటీస్ పీరియడ్’ ఎంచుకుని చివరి పనిదినం ఇవ్వాలి. 90 రోజులు అని పాతదే వదిలేస్తే లిస్టులోనే కనిపించరు. ప్రొఫైల్ ఈమధ్య అప్‌డేట్ అయిందా లేదా అన్నది కూడా చూస్తారు. రెజ్యూమె హెడ్‌లైన్‌లో ఒక్క మాట మార్చి సేవ్ చేసినా తేదీ మారుతుంది, రెండు రోజులకోసారి చేయండి. ఉద్యోగంలో ఉన్నవాళ్లు బ్లాక్ కంపెనీస్‌లో తమ కంపెనీ పేరును, దాని అనుబంధ సంస్థల పేర్లను పెట్టుకోవాలి. రెజ్యూమెకు మెరుగులు, ముందు వరుసలో చూపించడం లాంటి పెయిడ్ సర్వీసులు ఆఖరి ప్రాధాన్యం.

అమెరికాలో హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్న మనవాళ్లకు లెక్క వేరు. ఉద్యోగం ముగిశాక గరిష్ఠంగా 60 రోజుల గడువు, లేదా ఐ-94 (దేశంలో ఉండేందుకు ఇచ్చిన అనుమతి పత్రం) తేదీ, ఏది ముందొస్తే అది. లెక్క సాధారణంగా జీతం ఇచ్చిన చివరి రోజు నుంచి మొదలవుతుంది, సెవెరన్స్ (తీసేసేటప్పుడు ఇచ్చే పరిహారం) డబ్బు ఆ గడువును పెంచదు. ఆలోగా కొత్త ఎంప్లాయర్ పిటిషన్ ఫైల్ చేయాలి. అందుకని మొదటి రోజే ఆకుపచ్చ ఫ్రేమ్ పెట్టి, ‘హెచ్-1బీ ట్రాన్స్‌ఫర్ కావాలి, ఫలానా తేదీలోగా’ అని పోస్టులో స్పష్టంగా రాయడం మేలు. కంగారులో నలుగురు బెంచ్ సేల్స్ వాళ్లకు (కాంట్రాక్ట్ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్లకు) రెజ్యూమె ఇస్తే ఒకే క్లయింట్‌కు రెండుసార్లు వెళ్తుంది. డబుల్ సబ్మిషన్ అని ఇద్దరి దరఖాస్తులూ పక్కన పడేస్తారు. క్లయింట్ పేరు చెప్పనిదే రైట్ టు రిప్రజెంట్ (మీ తరఫున పంపే హక్కు) మెయిల్‌కు ఒప్పుకోవద్దు. ఎవరికి ఏ రోజు ఒప్పుకున్నారో ఒక షీట్‌లో రాసుకోండి.

మోసాల విషయంలో లింక్డిన్ ఇచ్చిన మంచి సౌకర్యం ‘అబౌట్ దిస్ ప్రొఫైల్’. ఖాతా ఎప్పుడు తెరిచారో, వెరిఫై అయిందో లేదో అక్కడ తెలుస్తుంది. పెద్ద కంపెనీ హెచ్‌ఆర్ అని చెప్పుకునే ఖాతా పోయిన నెల తెరిచిందైతే అక్కడితో ఆపేయండి. రిజిస్ట్రేషన్ ఫీజు, లాప్‌టాప్ డిపాజిట్, బ్యాక్‌డోర్ ఆఫర్ అని డబ్బు అడిగితే అది మోసమే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మీ ఖాతాను మీరు వెరిఫై చేసుకోవడానికి మన దేశంలో డిజీలాకర్ ద్వారా వీలుంది, ఖర్చు లేదు.

ఇంతా చేశాక ప్రీమియం కెరీర్ ప్లాన్ సంగతి. నెలకు 5 ఇన్‌మెయిల్స్ (కనెక్షన్ లేనివాళ్లకూ పంపగల మెసేజ్‌లు) ఇస్తారు. 90 రోజుల్లో జవాబొస్తే ఆ క్రెడిట్ తిరిగొస్తుంది, కాబట్టి జవాబు రాగలవాళ్లకే రాస్తే ఐదు కాస్తా ఎక్కువే అవుతాయి. రిక్రూటర్ కంటే ఆ టీమ్ మేనేజర్‌కు రాయడం మంచిది. ప్రొఫైల్ చూసినవాళ్ల పేర్లు ఉచిత ఖాతాలో కొద్దిమందివే కనిపిస్తాయి, ఇందులో ఎక్కువమందివి వస్తాయి. ఇంటర్వ్యూ అయ్యాక ఆ కంపెనీ నుంచి ఎవరు చూశారో తెలిస్తే ఫాలోఅప్‌కు పనికొస్తుంది. లింక్డిన్ లెర్నింగ్ కోర్సులు కలిపి వస్తాయి, ఆ నెలలో కూర్చుని పూర్తిచేయగలిగితే డబ్బు గిట్టినట్టే. ‘టాప్ అప్లికెంట్’ అనే గుర్తును మాత్రం పట్టించుకోవద్దు, రిక్రూటర్ నిర్ణయానికి దానికి సంబంధం లేదు.

ధర అందరికీ ఒకేలా చూపించరు, ఆఫర్లు మారుతుంటాయి. చాలామందికి మొదటి నెల ఉచితంగా ఇస్తారు కానీ కార్డు వివరాలు తీసుకుంటారు. ఆ ఉచిత నెలను లేఆఫ్ రోజున వాడేయకుండా ప్రొఫైల్ సిద్ధమయ్యాక, ఇంటర్వ్యూలు మొదలయ్యే వారానికి దాచుకోండి. గడువుకు ఒక రోజు ముందే రద్దు చేయాలి, ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఐఫోన్ యాప్‌లో కొన్నవాళ్లకు లింక్డిన్ సైట్‌లో రద్దు కాదు, యాపిల్ సబ్‌స్క్రిప్షన్లలోకి వెళ్లి తీసేయాలి.