2011 నాటి ఐ3 డెస్క్‌టాప్, ఇన్నేళ్లు వాడాక ఎలా ఉందంటే

ఇంటెల్ కోర్ ఐ3 2100 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 2011 చివర్లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్‌కి వెళ్లి అసెంబుల్ చేయించిన సిస్టమ్ ఇది, ఇప్పటికీ రోజూ ఆన్ అవుతుంది, నాకు చాలా ఇష్టం కూడా. మా బావ ఎప్పుడొచ్చినా "ఏరా ఇంకా ఉందా ఇది, సాలార్‌జంగ్ మ్యూజియంకి ఇచ్చెయ్ రా" అంటాడు, నేను "ముందు నీ గ్రాఫిక్స్ కార్డు పంపు బావా, దాని వెనకే ఇది పంపిస్తా" అంటా. 2021లో ఆర్‌టీఎక్స్ 3060 కార్డు కొన్నాడులెండి, ఒక పక్క చిప్పుల కొరత, ఇంకో పక్క క్రిప్టో కరెన్సీ మైనింగ్ వాళ్లు కనపడ్డ కార్డల్లా ఎత్తుకుపోతున్నారు, దాదాపు రెట్టింపు రేటు పెట్టి ఈఎంఐలో తీసుకున్నాడు. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీకి ఈ కార్డులతో చేసే మైనింగ్ ఆగిపోయింది, సెకండ్ హ్యాండ్ కార్డులు కుప్పలుగా వచ్చిపడ్డాయి, బావ ఈఎంఐ మాత్రం అవ్వలేదు.

దానికి బావ దగ్గర జవాబు రెడీగా ఉంటుంది. నేను సిస్టమ్ కొన్నప్పుడే థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి వెస్టర్న్ డిజిటల్ ఫ్యాక్టరీ నీళ్లలో మునిగింది, ఇక్కడ హార్డ్ డిస్క్ రేట్లు కొన్ని వారాల్లోనే డబుల్ అయ్యాయి. "వరద బ్యాంకాక్ పక్కన, మునిగింది నువ్వు పార్క్‌లేన్‌లో" అని ఇప్పటికీ అంటాడు. నాన్న ఇంట్లో డీటీపీ జాబ్ వర్క్ చేసేవారు, అది పెళ్లికార్డుల సీజన్, ఆగేదానికి లేదు, కొన్నాం.

ఇక పనితీరు. ప్రాసెసర్ ముసలిది అయిందని అందరూ అంటారు గానీ, నిజంగా విసిగించింది ఆ హార్డ్ డిస్కే. ఆన్ చేసి టీ తాగొచ్చినా డెస్క్‌టాప్ వచ్చేది కాదు. దాని బదులు సాటా ఎస్ఎస్‌డీ (చిప్పులతో పనిచేసే డ్రైవ్) వేశాక మొత్తం మారిపోయింది. హెచ్61లో సాటా పోర్టు స్పీడు సెకనుకి 3 గిగాబిట్ల వరకే, కాబట్టి ఎస్ఎస్‌డీ పూర్తి స్పీడు రాదు, అయినా పాత డిస్క్ కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువే, చిన్న చిన్న ఫైళ్లకైతే పోలికే లేదు. ర్యామ్ 8 జీబీ చేశాం, డీడీఆర్3 పాతవి చవగ్గా దొరుకుతాయి. ఈ రెండింటికీ పెట్టిన డబ్బు పైసా పైసా వసూలైంది, దీని మీద ఎవరితోనైనా వాదిస్తా.

వీడియో మాత్రం వీక్. ఇందులోని హెచ్‌డీ 2000 గ్రాఫిక్స్‌కి హెచ్.264 కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి) తెలుసు, వీపీ9 తెలీదు, యూట్యూబ్ ఎక్కువగా వీపీ9 లాంటి కొత్త కోడెక్‌లే పంపిస్తుంది కాబట్టి భారమంతా సీపీయూ మీద పడి ఫ్యాన్ అరుస్తుంది. హెచ్.264 మాత్రమే తీసుకునేలా చేసే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే 1080పీ హాయిగా నడుస్తుంది. 4కే సంగతి మర్చిపోండి.

విండోస్ 11 దీనికి రాదు, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచే సపోర్ట్. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. అందుకే విండోస్ బదులు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి ఉచిత ఓఎస్ వేశా, అమ్మ సీరియళ్లు చూసుకుంటుంది, తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా పెట్టుకోవచ్చు. పాత హార్డ్ డిస్క్‌లో విండోస్ 7 అలాగే ఉంచా, నెట్ కనెక్షన్ లేకుండా. ఎందుకంటే నాన్న ఇన్నేళ్లు చేసిన కార్డులన్నీ పేజ్‌మేకర్ అనే డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్స్‌తో ఉన్నాయి, అవి యూనికోడ్ కాదు, ఫాంట్ లేని చోట తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి గానీ వత్తులు ఒక్కోటీ మళ్లీ చూసుకోవాలి. ఆ ఫైళ్లు ఉన్నంతకాలం ఈ డబ్బా మా ఇంట్లో ఉంటుంది.

ఖర్చంటే యూపీఎస్ బ్యాటరీదే, 12 వోల్టుల 7 ఏహెచ్‌ది, రెండు మూడేళ్లకోసారి పోతుంది. ఇంకోటి, డేట్ వెనక్కి పోయి సైట్లన్నీ సర్టిఫికెట్ ఎర్రర్ చూపిస్తుంటే వైరస్ అని భయపడి సర్వీస్ వాళ్లకి డబ్బులు పొయ్యకండి, బోర్డు మీదున్న సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చండి చాలు.

ఇలాంటి సిస్టమ్ ఉన్నవాళ్లు పాత ఐ7 3770 ప్రాసెసర్ కొనేసి ఫాస్ట్ చేద్దామని చూస్తుంటారు. వద్దండి, ఆ డబ్బు వెనక్కి రాదు, వీడియో కోడెక్ కష్టం కూడా పూర్తిగా తీరదు. గ్రాఫిక్స్ కార్డు కొంటే కనీసం రేపు కొత్త సిస్టమ్‌లోకి మార్చుకోవచ్చు, ఈ మాట వింటే బావ సంతోషిస్తాడు. బోర్డు పోతే ఏంటి అంటారా, హెచ్61 కొత్త బోర్డులు ఇప్పటికీ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, నేనైతే అదే వేస్తా. 8వ జనరేషన్ ఐ5 ఉన్న రీఫర్బిష్డ్ ఆఫీస్ డెస్క్‌టాప్ తీసుకో, విండోస్ 11 కూడా వస్తుంది అని బావ అంటున్నాడు. దాని మీద మా ఇద్దరికీ ఇంకా తేలలేదు.