1098కి ఫోన్ చేస్తే మన బాధ్యత తీరినట్టేనా?

పిల్లల కోసం పనిచేసే 1098 చైల్డ్‌లైన్‌కి, ఒక సేవగా చూస్తే, మంచి మార్కులే వేయాలి. కాల్ ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది. 1996లో ముంబైలో మొదలైన ఈ సేవను 2023లో అత్యవసర సాయం నంబరు 112తో కలిపారు. పిల్లలకు అప్పటికప్పుడు ప్రమాదం ఉందంటే కాల్ 112కి వెళ్తుంది. మిగతావి జిల్లా బాలల సంరక్షణ విభాగం చూస్తుంది.

బస్టాండులో ఒంటరిగా దొరికిన బిడ్డ, ఎవరో వదిలేసి వెళ్లిన పసికందు లాంటి విషయాల్లో 1098 ఒక్కటే సరిపోతుంది. పిల్లల సంరక్షణ కోసం ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం 32వ సెక్షన్ ప్రకారం, అలాంటి బిడ్డ దొరికినవారు ప్రయాణ సమయం పోను 24 గంటల్లో ఆ విషయం చెప్పాలి. ఎవరికి చెప్పాలో ఆ సెక్షన్‌లో ఉన్న జాబితాలో చైల్డ్‌లైన్ కూడా ఉంది. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ.

చిక్కంతా లైంగిక వేధింపుల దగ్గరే. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 19వ సెక్షన్‌లో, ఎవరికి చెప్పాలన్న చోట ఉన్నవి రెండే పేర్లు: ప్రత్యేక బాలల పోలీసు విభాగం, స్థానిక పోలీసులు. 1098 ఆ జాబితాలో లేదు. అందుకే టీచర్లు, హాస్టల్ వార్డెన్లు, డాక్టర్లు 1098కి చెప్పి ఊరుకోవద్దు. బిడ్డకు సాయం అందడానికి ఆ కాల్ చేయండి, స్టేషన్‌లో రాతపూర్వకంగా కూడా ఇవ్వండి. ఏ స్టేషన్ అయినా తీసుకోవాల్సిందే, మా పరిధి కాదనడానికి లేదు. నమోదు నంబరు వేయాలి, రాసుకున్నది మీకు చదివి వినిపించాలి. ఆ నంబరు అడిగి తీసుకోండి, రేపు మీరు చెప్పారనడానికి అదే ఆధారం.

చాలా స్కూళ్లు తప్పు చేసేది ఇక్కడే: ముందు మనమే విచారించుకుందాం అని కమిటీ వేస్తాయి. చట్టం రుజువు అడగలేదు, అనుమానం ఉంటే చాలు. అంతర్గత విచారణలో బిడ్డ చేత జరిగిందంతా నలుగురి ముందు నాలుగుసార్లు చెప్పిస్తే ఆ పసిమనసు నలిగిపోతుంది, కోర్టులో ఆ వాంగ్మూలాన్నీ తప్పుపడతారు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నంత వరకు బిడ్డ మాటల్లోనే రాసుకుని ఆపేయండి. తెలిసీ చెప్పకపోతే పోక్సో 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు, జరిమానా. సదుద్దేశంతో చెప్పినవారి మీద మాత్రం సివిల్, క్రిమినల్ చర్యలేవీ ఉండవు.

1098కి చేసేటప్పుడు ఊరు, మండలం, దగ్గరి గుర్తు, సుమారు వయసు, అనుమానితుడు ఇప్పుడు బిడ్డ పక్కనే ఉన్నాడా అన్నవి వరసగా చెప్పండి. చిరునామా సరిగా లేకపోతే టీమ్ ఊరంతా తిరగాల్సి వస్తుంది. మీ పేరు బయట పెట్టొద్దని కాల్‌లోనే చెప్పండి. బిడ్డ పేరు, ఫోటో, స్కూలు పేరు మాత్రం ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టొద్దు.

పోలీసులు 24 గంటల్లో, పిల్లల రక్షణ విషయాలు చూసే బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక కోర్టుకి తెలియజేయాలి. బిడ్డ వాంగ్మూలం ఇంటి దగ్గర, లేదా బిడ్డ కోరిన చోట, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్‌ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారే రావాలి. రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచడానికి వీల్లేదు. వీటిలో ఏది జరగకపోయినా నమోదు నంబరు చెప్పి బాలల సంక్షేమ కమిటీకి రాయండి.