కోబాల్ట్ కలపాలా, రాగి కలపాలా? నికెల్-మాంగనీస్-గాలియంలో ఏది మేలు?

అయస్కాంత క్షేత్రంలో పెడితే సాగే మిశ్రలోహం నికెల్-మాంగనీస్-గాలియం. దాంతో పని మొదలుపెట్టినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: నాలుగో మూలకంగా కోబాల్ట్ మంచిదా, రాగి మంచిదా? అందరూ ముందు ఉష్ణోగ్రతలే చూస్తారు. చూడాల్సిందే. సరిగ్గా 2:1:1 పాళ్లలో ఉన్న మిశ్రలోహం మార్టెన్‌సైట్‌గా (చల్లారితే వచ్చే స్ఫటిక రూపం, క్షేత్రంలో సాగేది ఈ రూపంలోనే) మారాలంటే దాదాపు మైనస్ 71 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లార్చాలి. ఫెర్రో అయస్కాంతత్వం మాత్రం 103 డిగ్రీల దాకా నిలుస్తుంది, ఆ హద్దునే క్యూరీ ఉష్ణోగ్రత అంటారు.

మాంగనీస్ స్థానంలో రాగి వేస్తే మార్టెన్‌సైట్ ఉష్ణోగ్రత గబగబా పైకెక్కుతుంది. ఇది ఎలక్ట్రాన్ల లెక్క: వేలెన్స్ ఎలక్ట్రాన్లు మాంగనీస్‌కి 7, రాగికి 11. కానీ ఈ లోహంలో అయస్కాంతత్వం చాలావరకు మాంగనీస్‌దే, అందుకే దాన్ని తీసేకొద్దీ క్యూరీ ఉష్ణోగ్రత పడిపోతుంది. నికెల్ స్థానంలో కోబాల్ట్ వేస్తే కథ తిరగబడుతుంది: క్యూరీ పెరుగుతుంది, మార్టెన్‌సైట్ దిగుతుంది.

నా లెక్కలో తేల్చేది ఇది కాదు. ట్విన్ సరిహద్దు ఎంత తేలిగ్గా జరుగుతుందన్నదే అసలు విషయం. ట్విన్లంటే స్ఫటికంలో ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లా ఉండే భాగాలు, వాటి మధ్య సరిహద్దు జరిగితేనే లోహం సాగుతుంది. అయస్కాంత క్షేత్రం పుట్టించగల ఒత్తిడికి ఒక హద్దుంది: అనైసోట్రపీ శక్తిని (అయస్కాంతత్వాన్ని దానికి అనుకూలమైన దిశ నుంచి పక్కకి తిప్పడానికి కావాల్సిన శక్తి) ట్విన్ సాగుదలతో (సరిహద్దు పూర్తిగా జరిగితే వచ్చే సాగుదల) భాగిస్తే వచ్చేది. ఐదు పొరల మార్టెన్‌సైట్‌లో (పరమాణు పొరల అమరిక ఐదు పొరలకోసారి తిరిగొచ్చే రకం) ఆ శక్తి ఘనమీటరుకు సుమారు 1.7 లక్షల జౌళ్లు, సాగుదల 6 శాతం. భాగిస్తే 2.8 మెగాపాస్కల్. క్షేత్రం ఎంత పెంచినా అంతకు మించి రాదు. సరిహద్దును జరపడానికి అంతకన్నా ఎక్కువ ఒత్తిడి కావాలంటే లోహం కదలదు.

మాడ్యులేషన్ (పొరల అమరికలో అలా తిరిగొచ్చే అల) లేని మార్టెన్‌సైట్ ఇన్నాళ్లూ పక్కన పడి ఉన్నది ఇందుకే. చల్లబరిచినా ఇంకో నిర్మాణంలోకి జారని దిట్టమైన ఫేజ్ (స్ఫటిక రూపం) అది. కానీ ట్విన్ సాగుదల మరీ ఎక్కువ, దాంతో అయస్కాంత ఒత్తిడి తగ్గుతుంది, సరిహద్దేమో బిగుసుకుపోయి ఉంటుంది. కోబాల్ట్, రాగి చెరి 4 శాతం కలిపితే స్ఫటికం పొడవు వెడల్పుల నిష్పత్తి తగ్గి, సరిహద్దు వదులవుతుంది. 2013లో సొజినోవ్ బృందం ఈ జోడీతోనే 12 శాతం సాగుదల చూపించింది. అంతకుముందు ఏడు పొరల నిర్మాణంలో వచ్చింది 10 శాతం దాకా. పైగా రాగి దించిన క్యూరీని కోబాల్ట్ నిలబెడుతుంది, కోబాల్ట్ దించిన మార్టెన్‌సైట్‌ని రాగి ఎత్తుతుంది. అందుకే నా ఓటు జోడీకే. ఒక చిక్కుంది: పాళ్లు ఏమాత్రం తేడా వచ్చినా ఉష్ణోగ్రతలు పదుల డిగ్రీలు మారిపోతాయి. సింగిల్ క్రిస్టల్ పెంచేటప్పుడు ఒక కొననుంచి ఇంకో కొనకి కూర్పు మారకుండా చూసుకోవడమే పెద్ద టెన్షన్.

ఇనుము పెళుసుతనాన్ని కొంత తగ్గిస్తుంది, అంతకు మించి ఆశించొద్దు. గడోలినియం లాంటి రేర్ ఎర్త్‌లు లోహంలో పెద్దగా కరగవు, రెండో ఫేజ్‌గా విడిపోతాయి.

సాగుదల కన్నా లోహం తోసే బలం ముఖ్యమైతే గాలియం వదిలేసి ఇండియం, కోబాల్ట్ ఉన్న మిశ్రలోహం చూడండి. 2006లో కైనుమా బృందం చూపించినట్టు, అక్కడ క్షేత్రం ట్విన్లను జరపదు, ఫేజ్‌నే మార్చేస్తుంది. కాబట్టి పైన చెప్పిన హద్దు దానికి వర్తించదు. కానీ దానికి కొన్ని టెస్లాల క్షేత్రం కావాలి, ఐదు పొరల గాలియం లోహానికి 1 టెస్లా లోపు చాలు.