సాథోర్న్‌లో అమ్మతో థాయ్ భోజనం

బ్యాంకాక్‌లో మేము సీలోం రోడ్డు మారియమ్మన్ గుడికి దగ్గరలో బస చేశాము. అక్కడ ఇడ్లీ, దోసె దొరుకుతాయి కనుక శాకాహారి అయిన మా అమ్మకు ఇబ్బంది లేదు. అయినా అంత దూరం వెళ్లి అక్కడి భోజనం రుచి చూడకుండా తిరిగి రావడం ఆమెకే ఇష్టం లేకపోయింది. మొదటి రోజు ఒక హోటల్లో మాంసం లేదని చెప్పి వడ్డించిన కూరలో చేపల వాసన తగలగానే ఆమె కంచం పక్కకు జరిపింది. మాంసం వద్దన్నంత మాత్రాన ఉప్పదనానికి వాడే నంప్లా అనే చేపల రసమూ, కారంముద్దలో నూరే కపి అనే రొయ్యల ముద్దా మానరని మాకు అప్పుడే తెలిసింది. అక్కడ చెప్పవలసిన మాట ‘జే’. అలా వండినదానిలో మాంసం, చేప, గుడ్డు, పాలే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు.

మరునాడు ఆ ఊళ్లోనే సాథోర్న్ అనే పేటలో, పాత ఇంటిని తీర్చిదిద్దిన ఒక ఖరీదైన భోజనశాలకు ముందుగా ఫోను చేసి వెళ్లాము. వడ్డించే అమ్మాయి చేపల రసం, రొయ్యలు, గుడ్డు, ఉల్లి ఒక్కొక్కటిగా అడిగి రాసుకుంది. అమ్మకు ఉల్లి పరవాలేదు కనుక వంటవారికి పని కొంత తేలికయింది. ఆ చోటి గొప్పతనం నాకు అలంకరణలో కన్నా ఆ అడగడంలోనే కనిపించింది.

అన్నిటికన్నా మియాంగ్ ఖామ్ బాగుంది. తమలపాకు జాతికే చెందిన ఛాప్లూ ఆకులో వేయించిన కొబ్బరి, వేరుశనగలు, అల్లం, చిన్న ఉల్లి, తొక్కతో తరిగిన నిమ్మముక్కలు, పచ్చిమిర్చి పెట్టి, పైన తాటిబెల్లం పాకం వేసి, తాంబూలంలా మడిచి ఒక్కసారిగా నోట్లో పెట్టుకోవాలి. మామూలుగా వేసే ఎండురొయ్యలు మాకు వేయలేదు. పుట్టగొడుగులతో చేసిన తోమ్ ఖా అనే చారులో కొబ్బరిపాల కమ్మదనం, నిమ్మగడ్డి పరిమళం చక్కగా కలిశాయి. అందులో వేసే, అల్లంలాంటి దుంపరాష్ట్రం ముక్కలను మాత్రం కరివేపాకులా ఏరి పక్కన పెట్టాలి. మస్సమాన్ కూరలో వంకపెట్టడానికి ఏమీ లేదు కానీ, ఏలకులు, దాల్చినచెక్క, లవంగాలు వేసిన ఆ రుచి మన కుర్మాకు దగ్గర కనుక, మనవాళ్లు దాని బదులు పచ్చిమిర్చితో చేసే ఆకుపచ్చ కూర తెప్పించుకోవడం మేలు.

ఒక లోటు చెప్పాలి. వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి తెచ్చారు, అన్నం చివరికి వచ్చింది. థాయ్ ఇళ్లలో కూరలన్నీ మధ్యలో పెట్టుకుని అన్నంతో కలిపి తింటారు. మనలాగే ‘అన్నం తిన్నారా’ అని పలకరించుకునే ఆ దేశంలో అన్నం కోసం ఎదురుచూడవలసి రావడం నాకు నచ్చలేదు. అన్నీ ఒకేసారి తెమ్మని ముందే చెప్పడం మంచిది.

మెనూలో ధర పక్కన రెండు కూడిక గుర్తులుంటే 10 శాతం సర్వీసు చార్జీ, ఆపైన 7 శాతం పన్ను పడతాయి. 1000 బాత్‌ల వంటకం 1177 అవుతుంది. ఖర్చు ఎక్కువే. అయినా ఊరు వదిలే ముందు రాత్రి ఎక్కడ తిందామని అడిగితే, అమ్మ ఆ ఆకుల చోటికే వెళ్దామంది.