మూడేళ్ల పవర్‌లైన్ అడాప్టర్లు: పచ్చ దీపం చెప్పని సంగతి

నా బల్ల పక్కన గోడకున్న ప్లగ్గులో చిన్న పచ్చ దీపం ఒకటి మూడేళ్లుగా వెలుగుతూనే ఉంది. ఈ సమీక్ష రాయడానికి కారణం ఆ దీపమే. దాని మీద నాకు కోపం ఉంది. ఆ మూడేళ్లలో దాదాపు మూడు నెలల పాటు రోజూ సాయంత్రం నా పని పాడవుతుంటే, అది మాత్రం అంతా సవ్యంగా ఉందన్నట్టు వెలుగుతూ కూర్చుంది.

పవర్‌లైన్ అడాప్టర్ అంటే ఇంటి కరెంటు తీగల మీదే ఇంటర్నెట్‌ను ఒక గది నుంచి మరో గదికి చేర్చే ప్లగ్గు; జతగా వాడాలి. నా దగ్గర ఉన్నది హోమ్‌ప్లగ్ అనే ప్రమాణంలో ఏవీ తర్వాత వచ్చిన ఏవీ2 తరం జత, పెట్టె మీద 1200 (సెకనుకు మెగాబిట్లు) అని రాసి ఉంటుంది. ఒకటి కింద రౌటర్ దగ్గర, రెండోది పై అంతస్తులో నేను పని చేసుకునే గదిలో. మధ్యలో ఒక కాంక్రీటు శ్లాబు, రెండు మందపాటి గోడలు. వైఫై అక్కడికి చేరేసరికి నీరసించిపోతుంది. ఉన్నది అద్దె ఇల్లు, గోడలకు కన్నాలు వేసి కేబుల్ లాగడానికి వీల్లేదు. అందుకే గోడల్లో ఎలాగూ ఉన్న కరెంటు తీగలనే నమ్ముకున్నాను.

మొదటి రోజు సంతోషం ఇంకా గుర్తుంది. రెండింటినీ గోడలో పెట్టి, జత చేసే బటన్లు నొక్కి, కేబుల్ తగిలించాను. వైఫైలో సెకనుకు 12 మెగాబిట్లకు మించని గదిలో ఒక్కసారిగా 160 వచ్చాయి. పింగ్, అంటే సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, నాలుగు మిల్లీసెకన్లు. ఆ ఏడాదంతా అడిగినవారికీ అడగనివారికీ ఒకటే చెప్పాను: పెట్టండి, మరిచిపోండి. మా తమ్ముడు ఆ మాట నమ్మి కొన్నాడు కూడా. పెట్టమన్న మాట మీద ఇప్పటికీ నిలబడతాను. మరిచిపోమన్నది మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

1200 అన్న అంకె గురించి కూడా ఒక మాట. అన్నీ అనుకూలిస్తే తీగ మీద వెళ్లగల ముడి వేగం అది, రెండు దిక్కులకూ కలిపి. ఒక అడాప్టర్ పంపుతున్నంతసేపూ రెండోది వినాలి, రెండూ ఒకేసారి పంపలేవు. తప్పులు సరిదిద్దుకోవడానికి చేర్చే సమాచారం అందులో కొంత తినేస్తుంది. నాకు దక్కింది ఏడో వంతు కన్నా కాస్త తక్కువ. నా పనికి అది బోలెడు కాబట్టి ఫిర్యాదు లేదు. కానీ 500, 600 అని రాసి అమ్మిన చాలా జతలకు కేబుల్ పెట్టే పోర్టు 100 మెగాబిట్లదే ఉండేది. గోడలో తీగ ఎంత మంచిదైనా ఆ పోర్టు దాటి అంతకు మించి రాదు. పాత జత ఎవరైనా ఇస్తామంటే ముందు ఆ పోర్టు సంగతి అడగండి.

ఇక అసలు కథ. రెండో ఏడాది డిసెంబరులో మొదలైంది. నాకు రోజూ సాయంత్రం 5:30 నుంచి 6:30 వరకు వీడియో సమావేశం ఉంటుంది. ఒక రోజు మధ్యలో అవతలివారి మాటలు ముక్కలు ముక్కలుగా రావడం మొదలైంది. కాసేపటికి బొమ్మ కదలకుండా నిలిచిపోయింది. వింతేమిటంటే నా గొంతు వారికి శుభ్రంగా వినిపిస్తోంది. "మీరు చెబుతున్నది అంతా వింటున్నాం, చెప్పండి" అని రాసి పంపారు. నాకు మాత్రం ఒక్క వాక్యమూ పూర్తిగా అందడం లేదు. ప్లగ్గు వైపు చూశాను. దీపం పచ్చగా ఉంది.

సాయంత్రం అందరూ నెట్ వాడే సమయం కదా అని ముందు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీని అనుమానించాను. ఫోను చేస్తే లైను పరీక్షించి బాగానే ఉందన్నారు. నేను నమ్మలేదు. రౌటర్ ఆపి మళ్లీ వేశాను. కేబుల్ మార్చాను. అడాప్టర్లు రెండింటినీ కొత్తగా కొన్నప్పటి స్థితికి తెచ్చి మళ్లీ జత చేశాను. ఏం చేసినా మరుసటి ఉదయానికి అంతా బాగుండేది, చేసిన పని ఫలించిందనుకునేదాన్ని. సాయంత్రం మళ్లీ మామూలే. మూడు వారాలు ఇలా గడిచాక, ఒక రోజు సమావేశం మధ్యలోనే ల్యాప్‌టాప్ పట్టుకుని కిందికి పరుగెత్తి రౌటర్ పక్కన వైఫైకి కలిపాను. బొమ్మా మాటా రెండూ చక్కగా వచ్చాయి. కంపెనీవారి తప్పేమీ లేదు. లోపం మా ఇంటి గోడల్లోనే ఉంది.

ఆ రోజు నుంచి ఒక నోట్‌బుక్కులో సమయం రాయడం మొదలుపెట్టాను. జనవరి మొదటి వారంలో 5:52, 5:53, 5:53. మరో పది రోజులకు 6:00. ఒక్క రోజు మాత్రం, 19వ తేదీన, 5:41 అని ఉంది. పక్కన "వాన" అని రాసుకున్నాను, ఎందుకు రాశానో అప్పటికి నాకూ తెలియదు. ఆరు వారాలయ్యేసరికి 6:17. ఒక సాయంత్రం ఆ పేజీని పైనుంచి కిందికి చదివితే ఒళ్లు జలదరించింది. రోజుకు అర నిమిషం పైచిలుకు చొప్పున ఏ గడియారమూ జరగదు. జరిగేది పొద్దు. వాన పడిన రోజున చీకటి ముందే పడింది, నా నెట్ కూడా ముందే చెడింది.

"చీకటి పడగానే మన ఇంట్లో మొదలయ్యేది ఏముంది?" అని పైకే అన్నాను. మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్న మా అమ్మాయి తల ఎత్తకుండానే "మెట్ల దీపం కదమ్మా, తనంతట తనే వెలుగుతుంది" అంది.

మెట్ల మలుపులో ఉన్న ఆ ఎల్ఈడీ బల్బుకు వెలుతురు పసిగట్టే సెన్సరు ఉంది. స్విచ్చు ఎప్పుడూ వేసే ఉంటుంది, చీకటి పడితే బల్బు వెలుగుతుంది. నా గదిలో అడాప్టర్ ఉన్న సాకెట్టుకు వచ్చే తీగే ఆ దీపానికీ వెళుతుంది. మా అమ్మాయిని ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, ఐపెర్ఫ్ అనే కొలత ప్రోగ్రాం నడిపించి, సెకనుకు ఎంత వస్తోందో గట్టిగా చదవమన్నాను. నేను మెట్ల దగ్గర స్విచ్చు పట్టుకుని నిలబడ్డాను. "తొమ్మిది... ఎనిమిది... తొమ్మిది..." స్విచ్చు ఆపాను. రెండు సెకన్ల నిశ్శబ్దం. "అమ్మా, నూట నలభై! నూట యాభై ఆరు!" మళ్లీ వేశాను. తొమ్మిది. నాలుగు సార్లు చేసి చూశాం, నాలుగు సార్లూ అంతే. ఆ సంతోషంలో పిల్లను ఎత్తుకుని తిప్పాను, అంత పెద్ద పిల్లను.

బల్బు చల్లారాక విప్పి చూశాను. మెడ దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకు మారింది. వెలుగుతున్నప్పుడు చెవి దగ్గర పెట్టుకుంటే సన్నటి గుయ్యిమనే శబ్దం, ఈగ సీసాలో ఇరుక్కున్నట్టు. వెలుగులో మాత్రం ఏ తేడా లేదు, దీపంగా దాన్ని తప్పుపట్టడానికేమీ లేదు. ఎల్ఈడీ బల్బు లోపల చిన్న సరఫరా సర్క్యూట్ ఉంటుంది. అది కరెంటును సెకనుకు వేల సార్లు ఆపుతూ వదులుతూ పని చేస్తుంది. ఆ కోత వల్ల పుట్టే రొద మెగాహెర్ట్జ్‌ల దాకా పాకుతుంది. దాన్ని తీగలోకి పోనివ్వకుండా ఆపాల్సిన కెపాసిటర్లు వేడికి పాతబడితే రొదంతా బయటికే. అడాప్టర్లు మాట్లాడుకునేది సరిగ్గా అక్కడే: ఏవీ తరంలో 2 నుంచి 28 మెగాహెర్ట్జ్ మధ్య, ఏవీ2లో 86 దాకా.

నా గొంతు వారికి వినిపించి వారిది నాకు వినిపించకపోవడానికి కారణం కూడా అప్పుడే తెలిసింది. రొద పుట్టేది నా గది పక్కన. కింది నుంచి వచ్చే సంకేతం అన్ని తీగలూ దాటుకుంటూ బలహీనపడి వస్తుంది, నా అడాప్టర్ చెవి దగ్గర ఆ రొద దాన్ని ముంచేస్తుంది. నేను పంపేది కిందికి చేరేసరికి రొద కూడా దానితో పాటే తగ్గిపోతుంది కాబట్టి కింది అడాప్టర్‌కు ఇబ్బంది లేదు. ఆ రాత్రి ఎదురు దిక్కున కొలిస్తే, దీపం వెలుగుతున్నా 130 వచ్చాయి. ఒక దిక్కు మాత్రమే చెడిందంటే, చెడిన వైపు అడాప్టర్ చుట్టుపక్కలే వెతకండి. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే నాకు మూడు నెలలు మిగిలేవి.

ఇక పచ్చ దీపం. ఈ అడాప్టర్లు సమాచారాన్ని వేలాది సన్నటి పాయలుగా చీల్చి పంపుతాయి. ఏ పాయలో రొద ఎక్కువైతే దాన్ని వదిలేస్తాయి లేదా అందులో తక్కువ సమాచారం పెడతాయి. అన్నీ చెడితే ఒకే సమాచారాన్ని పదేపదే పంపే గట్టి పద్ధతికి దిగుతాయి. గొప్ప పనితనం, దాన్ని నేను నిజంగా మెచ్చుకుంటున్నాను; కరెంటు తీగ డేటా కోసం పుట్టింది కాదు. కానీ అందువల్లే లింకు తెగదు, బక్కచిక్కుతుంది. నా జతలో దీపం చెప్పేది మాత్రం "అవతలి అడాప్టర్ కనిపిస్తోంది" అన్న ఒక్క ముక్కే. 156 వచ్చినా పచ్చే, 9 వచ్చినా పచ్చే. వేగం ఎంత పడిపోయిందో లోపలి చిప్పుకు తెలుసు. కంప్యూటర్‌లో వేసుకునే ప్రోగ్రాం తెరిస్తే ఆ అంకె కనిపిస్తుంది కూడా: మెట్ల దీపం ఆరి ఉన్నప్పుడు తీగ మీది ముడి వేగం 520, వెలిగినప్పుడు 60. ఆ తెలివిలో కాస్త పచ్చ దీపానికి ఇచ్చి, వేగం పడితే ఎర్రగా మారేలా చేసి ఉంటే చాలు. అలా రంగు మార్చే జతలు ఉన్నాయి. కొనేవారు ముందుగా చూసుకోవాల్సింది అదేనని నా గట్టి అభిప్రాయం.

మిగతా లోపాలు త్వరగా చెబుతాను. సర్జ్ రక్షణ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులో అడాప్టర్ పెట్టకండి. సర్జ్ అంటే ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ; దాన్ని ఆపడానికి ఆ బోర్డులో పెట్టే భాగాలు అధిక పౌనఃపున్యాలను కూడా మింగేస్తాయి. నా దగ్గర గోడలో 160 వచ్చేది బోర్డులో 35కు పడింది. డ్రిల్లు, వాక్యూమ్ క్లీనర్ లాంటి బ్రష్ మోటార్లు నడుస్తున్నంతసేపూ కుదుపులు తప్పవు, కానీ అవి ఆగగానే అంతా సర్దుకుంటుంది, ఎవరు చేశారో తెలుస్తుంది కాబట్టి మనసు పాడవదు. మూడు ఫేజుల ఇంట్లో రెండు అడాప్టర్లూ వేర్వేరు ఫేజుల మీద పడితే సంకేతం బాగా బలహీనపడుతుంది. తమ్ముడి ఇంట్లో అదే జరిగింది. అతని జత ఇప్పుడు అలమారాలో ఉంది, అందుకు నాకు బాధగానే ఉంది.

మరొకటి, మా నాన్నగారి షార్ట్‌వేవ్ రేడియో. ఈ అడాప్టర్లు వాడే పౌనఃపున్యాలు, షార్ట్‌వేవ్ ప్రసారాలవి చాలా వరకు ఒకటే. ఇంటి తీగలు యాంటెనాలా మారి ఆ గురగురను గాలిలోకి వదులుతాయి. అమెచ్యూర్ రేడియో వాడేవారి బ్యాండ్లను ఖాళీగా వదలాలని ఐరోపా 2013లో ఈఎన్ 50561-1 ప్రమాణంలో నియమం పెట్టింది, కానీ ప్రసార స్టేషన్ల విషయం అంత సులభంగా తేలదు. ఆయన వచ్చినప్పుడు రాత్రి వార్తల సమయానికి నేను రెండు ప్లగ్గులూ పీకేస్తాను. ఆయన ఎప్పుడూ అడగలేదు, నాకే మనసొప్పక. వీడీఎస్ఎల్ లైను, అంటే ఫోను తీగ మీద నెట్ వచ్చే ఇళ్లలో కూడా ఇదే తరహా తగాదా ఉంటుంది. ఫోను తీగా కరెంటు తీగా పక్కపక్కన నడిస్తే వాటిని దూరం చేయాలి.

జత చేసే బటన్ నొక్కకుండా, పెట్టెలోంచి తీసి అలాగే వాడేవారికి ఒక హెచ్చరిక. హోమ్‌ప్లగ్ ఏవీ అడాప్టర్లు చాలా వాటికి ఒకే తొలి తాళం, అంటే ఒకే రహస్య పదం ఉంటుంది. ఇంటి మీటరు దగ్గర సంకేతం గోడ కట్టినట్టు ఆగిపోదు. పక్కింటి తీగల్లోకి కొంత పాకవచ్చు, అక్కడా ఒక జత ఉంటే రెండూ ఒకే నెట్‌వర్క్ అయిపోవచ్చు. బటన్ నొక్కితే మీ జతకు వేరే తాళం పడుతుంది.

మరి కొనవచ్చా? నా పరిస్థితిలో, అంటే అద్దె ఇల్లు, ఒకే ఫేజు, సమావేశాలు, ఫైళ్లు తప్ప పెద్ద బరువు లేని పని, ఇది ఇప్పటికీ సరైన ఎంపికే. బల్బు మార్చాక 150కి తగ్గలేదు. ఆటలు ఆడేవారికి, రోజూ పెద్ద ఫైళ్లు అటూ ఇటూ మార్చేవారికి నేను పూచీ పడలేను. టీవీ కోసం వేసిన కోయాక్సియల్ కేబుల్ రెండు గదుల్లోనూ ఉంటే దాని మీద నడిచే మోకా అడాప్టర్లు ముందు చూడండి. ఒక్క ఈథర్‌నెట్ తీగ లాగగలిగితే ఇవేవీ అక్కర్లేదు.

వచ్చే ఏడాది ఇల్లు మారాల్సి ఉంది. కొత్త ఇంట్లో గోడ పైపులు ఖాళీగా ఉంటే కేబులే వేయిస్తాను. లేకపోతే ఈ జతే నాతో వస్తుంది. కానీ సామాన్లు విప్పేముందు, చీకటి పడ్డాక, ఇంట్లో ఉన్న దీపాలన్నీ వేసి, రెండు దిక్కులా కొలుస్తాను. అంకెలు చదవడానికి అమ్మాయి అప్పుడే ఒప్పుకుంది.