కర్నూలు ఎండలో ఎలక్ట్రిక్ గూడ్స్ ఆటో: కొన్ని వేసవుల తర్వాత

ఎలక్ట్రిక్ ఆటో కొనాలనుకునే వాళ్లు మైలేజీ, సబ్సిడీ, ఈఎంఐ గురించి అడుగుతారు. అవి షోరూంలోనే చెబుతారు. ఎండ గురించి మాత్రం ఎవరూ అడగరు. కర్నూలులో మొదట అడగాల్సింది అదే.

మాది మినరల్ వాటర్ ప్లాంటు. సి క్యాంపు, వెంకటరమణ కాలనీ, కల్లూరు వైపు ఇరవై లీటర్ల క్యాన్లు వేస్తాం. పాతిక క్యాన్లు ఎక్కిస్తే అర టన్ను బరువు. అంత బరువుతోనూ బండి లాగడంలో వంక పెట్టడానికి లేదు. వీధివీధికీ ఆగే పని కాబట్టి బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటు వెనక్కి వస్తుంది. డీజిల్ బండితో ఈ పని చేసిన వాడిగా ఆ తేడా నాకు బాగా తెలుసు. రెండు రౌండ్లకు ఒక్క ఛార్జింగ్ చాలని కొత్తలో అందరికీ చెప్పేవాణ్ని. ఇప్పుడు ఆ మాట చలికాలం వరకే చెబుతాను.

నాకు కోపం తెప్పించింది రోహిణి కార్తెలో జరిగిన సంగతి. పొద్దున రౌండు ముగించుకొని మధ్యాహ్నం వచ్చి ప్లగ్ పెడితే ఛార్జరు మీద ఎర్ర లైటు. తీసి పెట్టినా, వేరే ప్లగ్గుకు మార్చినా అదే లైటు. బ్యాటరీ పెట్టె మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే ఉంది. సాయంత్రం నంద్యాల రోడ్డులో ఫంక్షన్ హాలుకు పెళ్లి ఆర్డరు. సర్వీసు సెంటరుకు ఫోన్ చేస్తే, "బ్యాటరీ చెడిపోలేదన్నా, వేడెక్కింది. చల్లబడేదాకా ఛార్జింగ్ తీసుకోదు" అన్నాడు కుర్రాడు.

అతను చెప్పింది నిజమే. చాలా లిథియం సెల్స్‌కు ఛార్జింగ్ పెట్టడానికి పై హద్దు 45 డిగ్రీల దగ్గర ఉంటుంది. అది దాటితే లోపలి సర్క్యూటే కరెంటును ఆపేస్తుంది. సెల్ పాడవకుండా, నిప్పు అంటుకోకుండా ఆ ఏర్పాటు. కానీ మా ఊళ్లో మేలో గాలే 43 దాటుతుంటే, బరువు మోసి వచ్చిన బ్యాటరీ ఎప్పటికి చల్లబడాలి? బండిని వేపచెట్టు కిందికి తోసి, పక్క రేకు తీసి, టేబుల్ ఫ్యాన్ పెట్టాం. అప్పటికే హాలు నుంచి ఫోన్లు. "ఏమన్నా, పెళ్లోళ్లు వచ్చేసినారు, నీళ్లేవి?" ఆఖరికి మా బామ్మర్ది తన డీజిల్ మినీ ట్రక్కు పంపితే ఆ పూట గడిచింది. నీళ్ల వ్యాపారానికి ఏడాదంతటి సంపాదన ఎండాకాలం రెండు నెలల్లోనే. సరిగ్గా అప్పుడే బండి మొండికేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

బామ్మర్దికి బేతంచెర్ల బండలు తోలే లారీలున్నాయి. "ఇంకొన్నాళ్లు ఆగు బావా, హైడ్రోజన్ బండ్లొస్తాయి. ఐదు నిమిషాల్లో పట్టించుకొని పోవచ్చు" అంటాడు. నింపే వేగం నిజమే. కానీ ఒక కిలో హైడ్రోజన్ నీళ్ల నుంచి తీయడానికి 50 యూనిట్లకు పైనే కరెంటు కావాలి. దాన్ని ట్యాంకులో కుక్కడానికి 350 లేదా 700 బార్ల (మామూలు గాలికి దాదాపు అన్ని రెట్ల) ఒత్తిడికి ఎక్కించడానికి ఇంకొంత. ఆ కిలోలో ఉండే శక్తి 33 యూనిట్లు. బండిలో హైడ్రోజన్‌ను మళ్లీ కరెంటుగా మార్చే ఫ్యూయల్ సెల్ అందులో సగం చక్రానికి ఇస్తే గొప్ప. అదే 50 యూనిట్లు నా ప్లగ్గులో పెడితే 40 దాకా చక్రానికి చేరుతుంది. మన ఓర్వకల్లు దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. ఆ కరెంటులో మూడింట రెండు వంతులు దారిలోనే పోగొట్టుకోవడం నాకు మింగుడుపడదు. జర్మనీలో లోయర్ సాక్సనీ రాష్ట్రం 2022లో హైడ్రోజన్ రైళ్లు నడిపింది. మరుసటి ఏడాదే, నడపడానికి చవక కాబట్టి ఇక ముందు బ్యాటరీ రైళ్లే కొంటామని తేల్చింది.

ఎండ బాధ హైడ్రోజన్ బండికీ తప్పదు. వాహనాల్లో వాడే ఫ్యూయల్ సెల్ 60 నుంచి 80 డిగ్రీల మధ్య పనిచేస్తుంది. డీజిల్ ఇంజన్ వేడిలో చాలా భాగం పొగగొట్టం గుండా పోతుంది. దీనిలో మాత్రం దాదాపు అంతా రేడియేటరే బయటికి తోయాలి. బయట 43 ఉంటే సెల్ వేడికీ గాలి వేడికీ తేడా తక్కువ కాబట్టి పెద్ద రేడియేటరు కావాలి. మా ఎండకు పనికొచ్చేలా చెయ్యడానికి అక్కడా డబ్బు పెట్టాల్సిందే. లారీ సంగతి వేరు. రోజంతా టన్నుల బరువుతో ఘాట్ ఎక్కే బండికి బ్యాటరీ సరిపోతుందని బామ్మర్దికి నేను చెప్పలేను.

నేను మాత్రం టైము మార్చుకున్నాను. రాత్రి పది దాటాక ఛార్జింగ్, తెల్లారుజామునే మొదటి రౌండు. రేకుల షెడ్డు తీసేసి బోద కొట్టం వేయించాను. మధ్యాహ్నం వచ్చాక రెండు గంటలు నీడలో వదిలి, ఆ తర్వాతే ప్లగ్. ఎర్ర లైటు ఇప్పుడూ వస్తుంది, కానీ అరుదుగా. మే నెలలో రెండో రౌండు ఆలస్యమవుతుందని వాడుక ఇళ్లకు ముందే చెబుతున్నాం.

మళ్లీ కొంటే బ్యాటరీ బండే కొంటాను. కాకపోతే బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉన్నదే తీసుకుంటాను, ధర ఎక్కువైనా సరే. నాకు సొంత స్థలం, సొంత మీటరు, ఊళ్లోనే తిరుగుడు ఉన్నాయి కాబట్టి ఈ మాట. అద్దె ఇంట్లో ఉంటూ మధ్యాహ్నం ఛార్జింగ్ మీదే ఆధారపడే వాళ్లు మాత్రం ముందు మే నెలలో ఒక వారం ఎవరిదైనా బండి అడిగి తోలి చూడండి.